డబ్ల్యూటీఓ ఉండగా దేశానికో ఒప్పందం ఎందుకు? మసాలా ఎగుమతికి ఏది పనికొస్తుంది?

గుంటూరు మసాలా:

నమస్కారమండీ. మిర్చి పొడి, పసుపు, గరం మసాలా మిశ్రమం దుబాయ్‌కి, మలేసియాకి పంపే చిన్న యూనిట్ మాది. మిర్చి, పసుపు మన దగ్గరివే. మిరియాలు, దాల్చినచెక్క కొంత వియత్నాం నుంచి తెప్పిస్తాం. దుబాయ్ బయ్యర్ సెపా (భారత్-యూఏఈ వాణిజ్య ఒప్పందం) సర్టిఫికెట్ కావాలంటున్నారు. మలేసియా బయ్యర్ ఒకసారి ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఫారం అడుగుతారు, ఇంకోసారి భారత్-మలేసియా ఒప్పందం ఫారం అడుగుతారు.

నా సందేహాలు ఇవి. డబ్ల్యూటీఓలో (ప్రపంచ వాణిజ్య సంస్థ) సభ్యులందరికీ ఒకే సుంకం వేయాలని చదివాను. మరి దేశానికో ఒప్పందం ఎలా చెల్లుతుంది? ఒకే దేశంతో రెండు ఒప్పందాలుంటే ఏది ఎంచుకోవాలి? బయటి దినుసులు కలిస్తే రాయితీ పోతుందా? మాలాంటి చిన్నవాళ్లకి బహుపాక్షిక ఒప్పందం మేలా, ద్వైపాక్షికం మేలా? తెలిసినవాళ్లు లెక్కలతో చెబితే బాగుంటుంది.

సుంకాల పట్టిక:

మొదటి సందేహం ముందు తీరుద్దాం. మీరు చదివింది నిజమే. డబ్ల్యూటీఓకి పునాది అయిన గాట్ ఒప్పందం మొదటి అధికరణం ప్రకారం ఒక దేశానికి సుంకం తగ్గిస్తే మిగతా సభ్యులందరికీ వెంటనే, షరతు పెట్టకుండా తగ్గించాలి. దీన్నే ఎంఎఫ్‌ఎన్ (అత్యంత అనుకూల దేశ హోదా) అంటారు. ఇప్పుడు డబ్ల్యూటీఓలో 166 మంది సభ్యులున్నారు కాబట్టి ఎంఎఫ్‌ఎన్ రేటు అంటే దాదాపు ప్రపంచమంతటికీ వర్తించే రేటు.

అదే గాట్‌లో 24వ అధికరణం దీనికి మినహాయింపు ఇస్తుంది. రెండు దేశాలు గానీ కొన్ని దేశాలు గానీ తమలో తాము సుంకాలు ఎత్తేసుకోవచ్చు. అయితే తమ మధ్య జరిగే వ్యాపారంలో దాదాపు మొత్తానికి ఎత్తేయాలి, మామూలుగా 10 ఏళ్లలోపు ఆ పని పూర్తిచేయాలి, బయటి దేశాలకు అడ్డంకులు మునుపటికంటే పెంచకూడదు. ఇంకో దారి 1979లో వచ్చింది. అభివృద్ధి చెందుతున్న దేశాలు తమలో తాము పాక్షికంగా ఇచ్చుకున్నా చెల్లుతుంది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన మన ఆసియాన్ సరుకుల ఒప్పందం ఈ రెండో దారిలో వచ్చిందే. అందుకే దానిలో పెద్ద మినహాయింపుల జాబితా ఉంది.

ఇక్కడ ఒక సంగతి తేల్చుకోవాలి. ఆసియాన్ ఒప్పందంలో మనతో కలిపి పదకొండు దేశాలు సంతకం చేశాయి కదా అని దాన్ని బహుపాక్షికం అనేస్తుంటారు. వాణిజ్యంలో బహుపాక్షికం అంటే డబ్ల్యూటీఓ సభ్యులందరికీ వర్తించేది. ఆసియాన్‌ది ప్రాంతీయ ఒప్పందం. సంతకం చేయని దేశానికి దాంట్లో వాటా లేదు. ఆ లెక్కన అది ద్వైపాక్షిక ఒప్పందాల పక్కన కూర్చుంటుంది.

ఇప్పుడు మీ పని. ఏ ఫారం తీసుకోవాలన్నది చివరి ప్రశ్న. ముందు బయ్యర్ దేశపు టారిఫ్‌లో మీ సరుకు ఏ హెచ్‌ఎస్ కోడ్ (సరుకులకు అంతర్జాతీయంగా ఇచ్చే సంఖ్య) కింద పడుతుందో చూడండి. మొదటి ఆరు అంకెలు అన్ని దేశాల్లో ఒకటే. ఎండుమిర్చి కాయ 0904.21, మిర్చి పొడి 0904.22. రకరకాల మసాలా దినుసుల మిశ్రమం 0910.91. ఆరు తర్వాతి అంకెలు ఏ దేశానికి ఆ దేశం పెట్టుకుంటుంది కాబట్టి మన ఎనిమిదంకెల కోడ్ అక్కడ పనిచేయదు, బయ్యర్‌నే అడగాలి.

ఆ తర్వాత ఆ కోడ్‌కి అక్కడి ఎంఎఫ్‌ఎన్ రేటు ఎంతో చూడండి. ఇది చూడకుండానే సర్టిఫికెట్ల వెంట పరుగెత్తేవాళ్లు చాలామంది. ఎంఎఫ్‌ఎన్ రేటు సున్నా అయితే ఏ ఒప్పందంతోనూ పని లేదు. ఆ సున్నా ఎవరు పంపినా వర్తిస్తుంది, మూలం రుజువు చేయనక్కర్లేదు. బయ్యర్ అలవాటుగా ఫారం అడుగుతుంటే ఈ మాట చెప్పొచ్చు.

ఎంఎఫ్‌ఎన్ రేటు సున్నా కాకపోతేనే ఒప్పందం రేటు చూడాలి. రెండింటి మధ్య తేడాయే మీ లాభం. గల్ఫ్ దేశాల ఉమ్మడి సుంకం చాలా సరుకులకు 5 శాతం. అంటే 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న యూఏఈ సెపా వల్ల అలాంటి సరుకుకి వచ్చే లాభం మహా అయితే 5 శాతం. సుంకం వేసేది సీఐఎఫ్ విలువ (సరుకు ధర, బీమా, రవాణా కలిపి) మీద. 40 లక్షల కంటైనర్‌కి 2 లక్షలు. ఆ 2 లక్షలు నేరుగా మీ జేబులోకి రావు, దుబాయ్ కస్టమ్స్ దగ్గర కట్టాల్సిన బయ్యర్‌కి మిగులుతాయి. సర్టిఫికెట్ ఇవ్వడానికి ఒప్పుకునే ముందే ధరలో మీ వాటా మాట్లాడుకోండి. ఒకసారి ఉచితంగా ఇవ్వడం మొదలుపెడితే తర్వాత అడగడం కష్టం.

మలేసియాకి రెండు ఒప్పందాలు: ఆసియాన్‌ది, 2011 జులై 1న వచ్చిన భారత్-మలేసియా సమగ్ర ఒప్పందం. నిబంధన ప్రకారం మీకు ఏది లాభమో అది ఎంచుకోవచ్చు. కానీ ఒక కన్‌సైన్‌మెంట్‌లో ఒకే సరుకుకి రెండూ కలిపి వాడలేరు. రేటు రెండింట్లోనూ ఒకటే అయితే నిర్ణయించేది మూలం నియమమే, అంటే సరుకు ఏ దేశానిదో తేల్చే నియమం. ఆ వివరం కస్టమ్స్ పని చేసేవాళ్లు చెబితే ఇంకా బాగుంటుంది.

సీహెచ్‌ఏ విశాఖ:

మూలం నియమం గురించి నేను చెబుతాను. మీ మసాలాకి చాలా సూటిగా తగిలే విషయం ఇది.

గుంటూరు మిర్చి, దుగ్గిరాల పసుపు మన నేలలో పండినవి. వాటికి 'పూర్తిగా ఇక్కడే లభించినది' అన్న హోదా వస్తుంది, ఏ ఒప్పందంలోనూ ఇబ్బంది లేదు. పొడి కొట్టినా హోదా పోదు. బయటి దినుసు ఉన్నప్పుడే లెక్క మొదలవుతుంది.

ఆసియాన్ ఒప్పందంలో సాధారణ నియమానికి రెండు భాగాలు, రెండూ నెగ్గాలి. ఒకటి, ఎఫ్‌ఓబీ విలువలో (ఓడ ఎక్కించేదాకా అయ్యే ధర) కనీసం 35 శాతం ఒప్పంద దేశాలదై ఉండాలి. రెండు, బయటి దినుసు ఆరంకెల కోడ్, తయారైన సరుకు ఆరంకెల కోడ్ వేరువేరుగా ఉండాలి. లెక్క ఇలా: ఎఫ్‌ఓబీ లోంచి బయటి దినుసుల విలువ తీసేసి, వచ్చినదాన్ని ఎఫ్‌ఓబీతో భాగించాలి.

మిరియాల పొడి ఉదాహరణగా తీసుకోండి. కిలో ఎఫ్‌ఓబీ 400 రూపాయలు, అందులో వియత్నాం మిరియాల ఖరీదు 280 అనుకుందాం. గింజ కోడ్ 0904.11, పొడి కోడ్ 0904.12. కోడ్ మారింది. విలువ చూస్తే 400లో 280 తీసేయగా 120, అంటే 30 శాతం. భారత్, మలేసియా మాత్రమే ఉన్న ఒప్పందంలో వియత్నాం పరాయి దేశం. 35 శాతం గడప ఉన్న ఏ ద్వైపాక్షిక ఒప్పందంలోనైనా ఈ సరుకు ఫెయిల్. ఆసియాన్ ఒప్పందంలో వియత్నాం కూడా సభ్య దేశం, అక్కడి దినుసు ఒప్పంద ప్రాంతపు దినుసుగానే లెక్కకొస్తుంది. అదే సరుకు పాస్. దీన్ని క్యూములేషన్ అంటారు. దేశాలు ఎక్కువున్న ఒప్పందానికి అసలు బలం ఇదే. రెండు దేశాల ఒప్పందం ఎంత మంచి రేటు ఇచ్చినా మూడో దేశం దినుసును కలుపుకోలేదు.

అయితే క్యూములేషన్ అడగాలంటే, వియత్నాం మిరియాలు మీ దగ్గరికి వచ్చినప్పుడే అక్కడి ఫారం ఏఐ (ఆసియాన్ ఒప్పందం కింద ఇచ్చే మూలం సర్టిఫికెట్) ఉండాలి. ట్రేడర్ దగ్గర లోకల్ బిల్లుతో కొన్న మిరియాలకు ఆ కాగితం ఉండదు, కాబట్టి మూలం తెలియని దినుసు కింద పోతాయి. కొనేటప్పుడే అడిగి తీసుకోండి.

ఇంకో గొయ్యి ఉంది. జల్లించడం, ఏరడం, ప్యాకింగ్ మార్చడం, కేవలం కలపడం లాంటి పనులు చాలా ఒప్పందాల్లో తయారీ కింద లెక్కకు రావు. విలువ శాతం నెగ్గినా 'కలిపారంతే' అని తిప్పికొట్టొచ్చు. వేయించడం, మర పట్టడం, గ్రేడింగ్, స్టెరిలైజేషన్ దేనికి ఎంత ఖర్చయిందో, దినుసు ఎంత పడిందో ఒక షీటులో బ్యాచ్‌వారీగా రాసి పెట్టుకోండి. యూఏఈ సెపాలో సరుకు సరుకుకీ విడి నియమం ఉంటుంది, అనుబంధం తీసి మీ ఆరంకెల కోడ్ దగ్గర ఏం రాశారో చదవాలి. ఆసియాన్‌లో నెగ్గింది కదా అని అక్కడా నెగ్గుతుందనుకోవద్దు.

క్లెయిములు తిరిగొచ్చే కారణాల్లో నేను ఎక్కువ చూసేవి: ఇన్‌వాయిస్‌లో ఒక కోడ్, సర్టిఫికెట్‌లో ఇంకో కోడ్, బరువు షిప్పింగ్ బిల్లుతో కలవకపోవడం, సరుకు మలేసియాకి, బిల్లు సింగపూర్ ఆఫీసు పేరుతో వెళ్లినప్పుడు మూడో దేశం ఇన్‌వాయిస్ అన్న గడిలో టిక్ పెట్టకపోవడం. ఫారం ఏఐ ఎగుమతి రోజునే, లేదా ఓడ బయల్దేరిన మూడు పనిదినాల్లో తీసుకోవాలి. ఆలస్యమైతే 12 నెలల లోపు వెనకటి తేదీకి ఇస్తారు, కానీ దాని మీద ఆ మాట రాసి ఉండాలి. దరఖాస్తు అంతా డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) ఆన్‌లైన్ పోర్టల్లోనే. ముందు సరుకుకి ఖర్చు వివరాల పట్టిక ఎక్కించాలి, చాలామంది ఆగిపోయేది అక్కడే.

ఎదురు దిక్కు సంగతి కూడా గుర్తుంచుకోండి. మీరు రాయితీతో మిరియాలు దిగుమతి చేసుకుంటే 2020 సెప్టెంబర్ 21 నుంచి కారోటార్ (రాయితీ దిగుమతుల మూలం తనిఖీ) నియమాలు వర్తిస్తాయి. సర్టిఫికెట్ ఉంటే చాలదు. ఆ సరుకు మూలం ఎలా వచ్చిందో దిగుమతిదారుకే తెలిసి ఉండాలి, వివరాలు ఐదేళ్లు దాచాలి.

ఈ కాఠిన్యం ఎందుకొచ్చిందో తెలియాలంటే యూఏఈ ప్లాటినం కథ చాలు. హెచ్‌ఎస్‌లో 71వ అధ్యాయం నియమం ప్రకారం మిశ్రమ లోహంలో బరువులో 2 శాతం ప్లాటినం ఉంటే దాన్ని ప్లాటినం మిశ్రమంగానే లెక్కిస్తారు. మిగతా 98 శాతం బంగారమైనా సరే. సెపాలో బంగారానికి కోటా ఉంది, ప్లాటినం మిశ్రమానికి సుంకం ఏటా తగ్గుతోంది. బంగారం ఆ పేరుతో రావడం మొదలైంది. 2025లో డీజీఎఫ్‌టీ దిగుమతి మీద ఆంక్షలు పెట్టాక గానీ ఆ కంత పూడలేదు. ఎంఎఫ్‌ఎన్ రేటు మాత్రమే ఉంటే ఏ దేశం దారిన తెచ్చినా ఒకటే కాబట్టి సరుకును ఫలానా దేశం గుండా తిప్పే ఆశ పుట్టదు. దేశానికో రేటు పెట్టిన రోజు నుంచి మూలం మీద కాపలా తప్పదు.

అశ్వారావుపేట గెలలు:

ఆయిల్‌పామ్ వైపు నుంచి ఒక మాట. ఆసియాన్ ఒప్పందం వల్లే పామాయిల్ చౌకగా వచ్చి పడి ఇక్కడ గెల ధర పడిపోతోందని అందరూ అంటారు. మాకు ధర కట్టేది ముడి నూనె రేటు, నూనె దిగుబడి శాతం చూసే కదా. దిగుమతి నూనె రేటు పడితే మా టన్ను గెల రేటు పడుతుంది. ఎగుమతిదారుకి ఒప్పందం లాభమే, రైతు మాటేమిటి? డబ్ల్యూటీఓ ఒక్కటే ఉంటే మాకు రక్షణ ఉండేదా?

సుంకాల పట్టిక:

గెలలు గారూ, ఈ ప్రశ్నకి జవాబు పొరలు పొరలుగా ఉంది. ఏ పొర ఎప్పుడు తగులుతుందో వేరుచేసి చూడకపోతే తప్పు చోట పోట్లాడతాం.

పై పొర డబ్ల్యూటీఓది. మన దేశం అక్కడ ఒప్పుకున్న గరిష్ఠ సుంకం పామాయిల్‌కి 300 శాతం. సోయా నూనెకి 45 శాతమే. ఆ గీతలు దాటకూడదు, లోపల ఎంత వేసుకున్నా మన ఇష్టం. వ్యవసాయ సరుకుల మీద మన గరిష్ఠాల సగటు 113 శాతం పైనే ఉంటుంది, కాబట్టి చాలావాటికి ఎంతో జాగా ఉంది.

రెండో పొర ఆసియాన్‌ది. అందులో పామాయిల్, కాఫీ, టీ, మిరియాలు 'ప్రత్యేక సరుకులు'. ముడి పామాయిల్ సుంకం 80 నుంచి 37.5కి, శుద్ధి చేసినది 90 నుంచి 45కి 2019 చివరికల్లా దించుతామని రాసిచ్చాం. మిరియాలు 70 నుంచి 50కి. మనకు పామాయిల్ వచ్చేది దాదాపు అంతా ఇండోనేసియా, మలేసియా, థాయిలాండ్‌ల నుంచే. కాబట్టి కాగితం మీద 300 ఉన్నా, పనికొచ్చే పైకప్పు 37.5, 45. ఆ దేశాలతో ఒప్పందం లేకుండా డబ్ల్యూటీఓ ఒక్కటే ఉండి ఉంటే ఆ 300 దాకా జాగా మీ చేతిలో ఉండేది. మీ అనుమానం ఇంతవరకు సరైనదే.

మూడో పొర ఢిల్లీ నిర్ణయం. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల మీద మూల సుంకం 20 శాతానికి పెంచారు. సెస్సు, సర్‌చార్జి కలిపి 27.5. 2025 మే చివర మూల సుంకాన్ని 10కి దించారు, అన్నీ కలిపి 16.5 అయింది. 10 అనేది 37.5 కంటే చాలా కింద ఉంది. అంటే ఆ కోత వేయమని ఆసియాన్ ఒప్పందం ఎవరినీ బలవంతపెట్టలేదు. అంత తక్కువ రేటు అందరికీ ఉన్నప్పుడు ఆసియాన్ ఫారం కూడా ఎవరికీ అక్కర్లేదు. వినియోగదారుల ధర కోసం మన ప్రభుత్వమే తీసుకున్న నిర్ణయం అది. గెల ధర గురించి అడగాల్సింది ఆ నోటిఫికేషన్ గురించి. ఒప్పందం పైకప్పు మీకు తగిలేది సుంకం 37.5 దాటించాలని అడిగిన రోజున.

ప్రాంతీయ ఒప్పందం మీద ద్వైపాక్షికం ఎక్కితే ఏమవుతుందో కూడా పామాయిల్‌లోనే కనబడింది. 2019లో శుద్ధి చేసిన పామాయిల్‌కి మలేసియా ఒప్పందం కింద 45 శాతం, ఇండోనేసియాకి ఆసియాన్ కింద ఇంకా 50. ఆ 5 శాతం తేడా ఒక్కటి చాలు, మలేసియా నుంచి శుద్ధి నూనె వెల్లువెత్తింది. మన రిఫైనరీలు మూలబడే పరిస్థితి వచ్చి ఆ సెప్టెంబర్‌లో మలేసియా నూనె మీద 180 రోజులకి 5 శాతం రక్షణ సుంకం వేశారు. ఆ ఒప్పందంలోనే రక్షణ నిబంధన ఉండబట్టి వేయగలిగారు. ఏ ఒప్పందం చదివినా సుంకాల షెడ్యూల్ కంటే ముందు ఈ నిబంధన ఉందో లేదో, ఎన్ని రోజులకు వేయొచ్చో చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

నేపాల్ దారి ఇంకొకటి. సాఫ్టా (దక్షిణాసియా వాణిజ్య ఒప్పందం) కింద నేపాల్ సరుకుకి సుంకం సున్నా. వెనకబడిన దేశం కాబట్టి 30 శాతం విలువ కలిపితే చాలు. ముడి నూనె బయటి నుంచి తెచ్చుకుని శుద్ధి చేసి పంపితే ఆ 30 శాతం ఎలా వస్తుందని మన రిఫైనరీల ప్రశ్న. ఇక్కడ శుద్ధి నూనె సుంకం 35.75 ఉన్నంతకాలం ఆ దారి మూయడం కష్టం.

భీమవరం చెరువు:

మరి అమెరికా సంగతి చెప్పండి సార్. రొయ్యలకి అక్కడ సుంకమే లేదని ఇన్నాళ్లూ అన్నారు. 2025 ఆగస్టులో 50 శాతం వేశారు. డబ్ల్యూటీఓ ఏం చేసింది? ఆ మాత్రం దానికి బహుపాక్షిక ఒప్పందం ఉంటే ఎంత, లేకుంటే ఎంత?

జెనీవా డైరీ:

చెరువు గారి బాధ న్యాయమైనది. కాస్త వివరంగా రాస్తాను.

ముడి ఫ్రోజెన్ రొయ్యకి అమెరికా ఎంఎఫ్‌ఎన్ సుంకం సున్నా. దాని మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా అమ్ముతున్నారని వేసేది) 2005 నుంచి ఉంది, సబ్సిడీల పేరుతో కౌంటర్‌వెయిలింగ్ సుంకం 2024లో 5.77 శాతంగా తేల్చారు. ఈ రెండింటికీ డబ్ల్యూటీఓలో చోటుంది: విచారణ జరపాలి, లెక్క చూపాలి, ఐదేళ్లకోసారి సమీక్షించాలి. 2025 ఆగస్టు 7న వచ్చిన 25 శాతం, 27న కలిసిన మరో 25 శాతం ఆ కోవలోవి కావు. అమెరికా 1977 నాటి అత్యవసర అధికారాల చట్టం కింద ఒక్కో దేశానికి ఒక్కో రేటు ప్రకటించింది. ఇది ఎంఎఫ్‌ఎన్ నియమానికి నేరుగా ఎదురు. అదే నెల ఈక్వడార్‌కి 15 శాతం. ఒకే సైజు వనామీ రొయ్యకి అప్పట్లో 35 శాతం తేడా. ఎగుమతిదారు ఎంత సామర్థ్యం చూపినా ఆ తేడా పూడదు, చివరికి చెరువు గట్టు మీద కిలో రేటులోనే కోత పడుతుంది.

డబ్ల్యూటీఓలో కేసు వేయొచ్చు. ప్యానెల్ తీర్పు కూడా వస్తుంది. ఓడినవాళ్లు అప్పీలు చేస్తే వినడానికి అప్పీలు సంఘంలో సభ్యులు లేరు. కొత్త నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్ నుంచి అది పనిచేయడం లేదు. తీర్పు శూన్యంలో ఆగిపోతుంది. మన దేశం కూడా ఈ శూన్యాన్ని వాడుకుంది. ఓడిపోయాక ఎగుమతి ప్రోత్సాహకాల కేసులో 2019లో, చెరకు కేసులో 2022లో మనమూ అక్కడే అప్పీలు పడేశాం. యూరప్ సమాఖ్య, మరికొందరు కలిసి 2020లో తాత్కాలిక అప్పీలు ఏర్పాటు చేసుకున్నారు, మనం చేరలేదు. నా మటుకు నాకు మనం చేరాలనిపిస్తుంది. బలహీనుడికి కోర్టు అవసరం ఎక్కువ.

ద్వైపాక్షిక ఒప్పందంలోనూ వివాదాల అధ్యాయం ఉంటుంది గానీ దేశాలు దాన్ని వాడేది చాలా అరుదు. పెద్ద దేశంతో ఒంటరిగా కూర్చున్నప్పుడు మన వెనక ఇంకెవరూ ఉండరు. 1998లో రొయ్య-తాబేలు కేసు గుర్తు చేసుకోండి. తాబేళ్ల రక్షణ వలలు వాడని దేశాల సముద్ర రొయ్యను అమెరికా ఆపితే భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి కేసు వేశాయి. పర్యావరణం కోసం చర్య తీసుకోవచ్చు గానీ అమలులో దేశాల మధ్య వివక్ష చూపకూడదని తీర్పు వచ్చింది. అలాంటి కలయిక ద్వైపాక్షిక బల్ల దగ్గర సాధ్యం కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ పట్టించుకోరు. సుంకాన్ని దేశానికో రేటుగా విడగొట్టొచ్చు. సబ్సిడీని విడగొట్టలేం. రైతుకి ఇచ్చే మద్దతు ధరను ఒక దేశం కోసం తగ్గించి ఇంకో దేశం కోసం ఉంచడం కుదరదు. అందుకే సబ్సిడీ నియమాలకు అసలు చోటు డబ్ల్యూటీఓనే. మన వరి మద్దతు ధర లెక్క చూడండి. ప్రకటించిన ధర లోంచి 1986-88 నాటి ప్రపంచ ధర తీసేసి, అర్హమైన పరిమాణంతో గుణిస్తారు. అది పంట విలువలో 10 శాతం దాటకూడదు. 2018-19కి మన ప్రభుత్వం ఇచ్చిన నివేదికలో వరి పంట విలువ 4,367 కోట్ల డాలర్లు, మద్దతు 500 కోట్ల డాలర్లు. 11.46 శాతం. గీత దాటింది. అయినా ఎవరూ కేసు వేయలేకపోవడానికి కారణం 2013 బాలి సమావేశంలో సాధించిన శాంతి నిబంధన. ముప్పై ఏళ్ల పైబడిన ధరతో ఇప్పటి మద్దతు ధరను పోల్చడం అన్యాయమని మన వాదన, అది అక్షరాలా నిజం. ఆ సూత్రాన్ని మార్చాలన్నా అక్కడే మార్చాలి, దుబాయ్‌తోనో లండన్‌తోనో కూర్చుని మార్చలేం.

చేపల సబ్సిడీల ఒప్పందమూ ఇలాంటిదే. 2022 జూన్‌లో కుదిరి, మూడింట రెండు వంతుల సభ్యులు ఆమోదించాక 2025 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది. దొంగ వేటకు, ఇప్పటికే తరిగిపోయిన చేపల వేటకు సబ్సిడీ ఇవ్వొద్దంటుంది. మన పడవల డీజిల్ రాయితీ లాంటివి రెండో దశ చర్చల్లో ఉన్నాయి. అక్కడ కాకినాడ, మచిలీపట్నం రేవుల తరఫున గట్టిగా మాట్లాడాలి.

అమెరికాతో ద్వైపాక్షిక చర్చల సంగతి. 2025 ఫిబ్రవరిలో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుందామని ప్రకటించాయి. కొన్ని సరుకులకు మాత్రమే సుంకం తగ్గించే చిన్న ఒప్పందం చేస్తే 24వ అధికరణం పరీక్ష నెగ్గదు. మనం అమెరికా బాదానికో ఆపిల్‌కో ప్రత్యేకంగా తగ్గించామంటే మిగతా దేశాలు అదే రేటు అడగొచ్చు. కాబట్టి చిన్నది చేసినా పెద్ద ఒప్పందానికి మొదటి మెట్టుగానే రాసుకోవాలి.

గుంటూరు మసాలా:

అందరికీ ధన్యవాదాలండీ. మిరియాల లెక్క చాలా ఉపయోగపడింది, ట్రేడర్ దగ్గర కొనడం మానేసి ఫారం ఏఐతో తెప్పించాలని అర్థమైంది. ఇంకో రెండు సందేహాలు. మా కంటైనర్ విశాఖ నుంచి ఎక్కువగా కొలంబోలో ఓడ మారుతుంది. శ్రీలంక ఆసియాన్ ఒప్పందంలో లేదు కదా, రాయితీ పోతుందా? మరి సుంకం సున్నా అయ్యాక ఇక అడ్డంకులేమీ ఉండవా?

సీహెచ్‌ఏ విశాఖ:

కొలంబోలో ఓడ మారితే రాయితీ పోదు. షరతులు మూడు: అక్కడి మార్కెట్లోకి వెళ్లకూడదు, దించడం-ఎక్కించడం-పాడవకుండా చూడటం తప్ప ఇంకే పనీ జరగకూడదు, ఆ దారి భౌగోళికంగా సమంజసంగా ఉండాలి. రుజువు కోసం విశాఖ నుంచి చివరి రేవు దాకా ఒకే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా పత్రం) ఉండాలి. ఫీడర్ ఓడకో బిల్లు, పెద్ద ఓడకో బిల్లు విడిగా ఇస్తే బయ్యర్ దగ్గర ప్రశ్నలొస్తాయి. ఫార్వర్డర్‌తో బుకింగ్ అప్పుడే త్రూ బిల్లు అడగండి. కంటైనర్ సీల్ నంబర్ ఇన్‌వాయిస్‌లో, ప్యాకింగ్ లిస్టులో, బిల్లులో ఒకటే ఉండేలా చూడండి. కొలంబోలో సీల్ మారిస్తే షిప్పింగ్ లైన్ దగ్గర లిఖితపూర్వకంగా తీసుకోవాలి.

దుబాయ్ రేవు జెబెల్ అలీలో ఫ్రీ జోన్ గోడౌన్‌కి వెళ్లే సరుకు అయితే, అక్కడి నుంచి యూఏఈ మార్కెట్లోకి దించుతారా, ఇంకో దేశానికి పంపుతారా అని బయ్యర్‌ని ముందే అడగండి. సెపా సర్టిఫికెట్ యూఏఈలో దిగే సరుకుకే పనికొస్తుంది.

రెండో సందేహం గురించి: సుంకం సున్నా అయినా ఆహార భద్రత పరీక్షలు అలాగే ఉంటాయి. మిర్చి పొడి యూరప్‌కి పంపాలంటే అఫ్లటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 దాటకూడదు. ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషం కిలోకి 0.1 మిల్లీగ్రామ్. యార్డులో తడిసిన కాయ, సరిగ్గా ఎండని కాయ కలిస్తే అఫ్లటాక్సిన్ అక్కడే పుడుతుంది. పొడి కొట్టాక దాన్ని తీసే దారి లేదు. ఇథిలీన్ ఆక్సైడ్‌తో స్టెరిలైజ్ చేసే యూనిట్‌కి సరుకు ఇస్తుంటే మానేసి ఆవిరి పద్ధతికి మారండి. ఈ పరిమితులు పెట్టుకునే హక్కు డబ్ల్యూటీఓ ఎస్‌పీఎస్ (ఆహార భద్రత, జంతు, మొక్కల ఆరోగ్య) ఒప్పందం ప్రతి దేశానికీ ఇచ్చింది, శాస్త్రీయ ఆధారం ఉండాలంతే. మన ద్వైపాక్షిక ఒప్పందాలు వీటిని ఎత్తేయవు. మహా అయితే ల్యాబ్ రిపోర్టును ఒకరిది ఒకరు ఒప్పుకునే ఏర్పాటు చేస్తాయి.

లాట్‌కి ఒక శాంపిల్ చాలదు. అఫ్లటాక్సిన్ అన్ని బస్తాల్లో సమానంగా ఉండదు. లాట్‌లో వేర్వేరు బస్తాల నుంచి తీసి కలిపి పరీక్ష చేయించండి, రిపోర్టులో లాట్ నంబర్ సర్టిఫికెట్ మీద ఉన్నదే వేయించండి.